మేము, మనం, ముయ్: రాల్బిట్స్‌లో ఒక శనివారం

ఉద్యోగరీత్యా జర్మనీలోని డ్రెస్డెన్‌కు వచ్చి అప్పటికి నాలుగేళ్లు గడిచాయి. మా ఇంటికి యాభై కిలోమీటర్ల దూరంలో, జర్మన్‌తో ఏ చుట్టరికమూ కనిపించని ఒక భాషను వెయ్యేళ్లకు పైగా మాట్లాడుకుంటూ వస్తున్న జనం ఉన్నారన్న సంగతి మాత్రం నాకు తెలియదు. బౌట్సెన్ మీదుగా రైల్లో వెళ్లినప్పుడు స్టేషన్ బోర్డు మీద జర్మన్ పేరు కింద ‘బుడీషిన్’ అని మరో పేరు చూసి, పోలండ్ సరిహద్దు దగ్గరే కదా, పోలిష్ అయి ఉంటుందని అనుకొని ఊరుకున్నాను. నాలుగేళ్ల పాటు ఆ అనుకోవడంలోనే ఉండిపోవడం ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

ఆ ఏడాది ఈస్టర్ సెలవుల్లో, ఆదివారానికి ముందురోజు, ఎనిమిదేళ్ల మా అమ్మాయిని తీసుకొని సైకిళ్లతో సహా కామెంట్స్ అనే ఊరి దాకా రైల్లో వెళ్లి, అక్కడి నుంచి పల్లెదారుల్లో తొక్కుకుంటూ బయలుదేరాను. కొంతదూరం పోయాక దారి పక్కన శిలువలు కనిపించసాగాయి. పొలం గట్టున ఒకటి, ఇంటి పెరట్లో ఒకటి, రెండు దారులు కలిసేచోట చెట్టు కింద మరొకటి, అన్నీ శుభ్రంగా రంగు వేసి, పాదాల దగ్గర తాజా పూలు పెట్టి ఉన్నాయి. మా శాక్సనీ రాష్ట్రంలో మతం పట్టింపు ఉన్నవాళ్లే తక్కువ, ఉన్నవాళ్లలోనూ ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. అలాంటిచోట ఇన్ని శిలువలు ఎలా వచ్చాయా అని ఆశ్చర్యపోతూ ఒకదాని ముందు ఆగితే, దాని కింద చెక్కిన అక్షరాల నెత్తిన చిన్న చిన్న కొక్కేలు, గీతలు ఉన్నాయి. జర్మన్ చక్కగా చదవగలిగే మా అమ్మాయి కూడబలుక్కొని చదవబోయి, “అమ్మా, ఇది ఏ భాష?” అని జర్మన్‌లో అడిగింది. పోలిష్ అయి ఉంటుందని తెలుగులో చెప్పాను. ఆ మాట తప్పని తేలడానికి గంట కూడా పట్టలేదు.

రాల్బిట్స్ అనే ఊళ్లోకి వచ్చేసరికి నా సైకిల్ వెనక చక్రం గాలి పోయింది. పండగ ముందురోజు, అందులోనూ మధ్యాహ్నం దాటాక, ఆ పల్లెలో తెరిచి ఉన్న దుకాణం ఒక్కటీ లేదు. ఒక ఇంటి ముందు వాకిట్లో ముప్ఫై అయిదేళ్ల మనిషి, పద్నాలుగేళ్ల కుర్రవాడు కలిసి ఒక ఎర్ర గుర్రాన్ని నిలబెట్టి, తడిపిన జూలును పాయలు పాయలుగా తీసి సన్నని జడలు అల్లుతున్నారు. పక్కన బల్ల మీద తోలు కళ్లెం పరిచి ఉంది. దాని మీద వరసలుగా కుట్టినవి గవ్వలని గుర్తించి ఒక్క క్షణం నా పని మరచిపోయాను. హిందూ మహాసముద్రంలో దొరికే ఆ తెల్లని గవ్వలు సముద్రమే లేని ఈ ప్రాంతానికి ఎప్పుడు, ఎన్ని చేతులు మారి వచ్చాయో! సైకిల్ పంపు ఉందా అని అడిగితే, ఆయన చేతులు తుడుచుకొని వచ్చి, చక్రం ఊడదీసి ట్యూబుకు అతుకు వేసే పని తానే మొదలుపెట్టాడు. ఈలోగా ఇంట్లోంచి డెబ్బై అయిదేళ్లుంటాయేమో, ఆయన తల్లి వచ్చి, పాప చలికి వణుకుతోందని చెప్పి మమ్మల్ని లోపలికి పిలిచింది.

వంటింట్లోకి అడుగుపెట్టినప్పుడు జరిగింది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. పెద్ద బల్ల చుట్టూ ఎనిమిది మంది కూర్చొని, గుడ్ల మీద బొమ్మలు వేస్తూ, ఒకరి మాట ఒకరు అందుకుంటూ మాట్లాడుకుంటున్నారు. గుమ్మం దగ్గర నా తల కనిపించగానే ఒక నడివయసు స్త్రీ సగంలో ఉన్న వాక్యాన్ని ఆపింది. ఆ వాక్యం రెండో సగం జర్మన్‌లో వచ్చింది. ఆ తరువాత అందరూ జర్మన్‌లోనే మాట్లాడారు. ఎవరూ ఎవరికీ సైగ చేయలేదు, ఎవరి ముఖంలోనూ ఇబ్బంది కనిపించలేదు. ఊపిరి తీసుకున్నంత అలవాటుగా, నా ఒక్కదాని కోసం ఎనిమిది మంది భాష మార్చుకున్నారు.

వారు సోర్బులు. తమ భాషలో తమను సెర్బులమనే చెప్పుకుంటారు కానీ బాల్కన్ దేశపు సెర్బులు వేరు, వీరు వేరు. పాత జర్మన్ పుస్తకాల్లో వెండులు అన్న పేరు కనిపిస్తుంది. ఆరో శతాబ్దం నాటికే ఎల్బ్ నదికి తూర్పున స్థిరపడిన స్లావ్ తెగల వారసులైన వీరికి సొంత దేశం ఎన్నడూ లేదు. జర్మనీ ప్రభుత్వం గుర్తించిన నాలుగు జాతీయ అల్పసంఖ్యాక వర్గాల్లో వీరు ఒకరు. మిగిలినవి డేనులు, ఫ్రీజియన్లు, సింతి-రోమాలు. జనసంఖ్య సుమారు 60,000 అని అంచనా వేస్తారు. అది అంచనాగానే ఉండడానికి కారణం ఉంది: సోర్బునని ఎవరు చెప్పుకుంటే వారే సోర్బు అనీ, ఆ మాటను ఎవరూ ఖండించడానికీ తనిఖీ చేయడానికీ వీల్లేదనీ 1999 నాటి శాక్సనీ చట్టం చెబుతుంది. మనిషి మాటనే ప్రమాణంగా తీసుకునే ఇలాంటి చట్టం మరొకటి నేను చూడలేదు.

మా అమ్మాయిని పెద్దావిడ తన పక్కన కూర్చోబెట్టుకుంది. బల్ల మధ్యలో కొవ్వొత్తి వెలుగుతోంది. మెడ వంచిన ఒక చెంచా దాని మంట మీదికి వచ్చేలా బిగించి ఉంది. చెంచాలో తేనెమైనం కరుగుతోంది. పెద్దబాతు ఈక కొసను చిన్న కత్తితో త్రికోణంగా కోసి, మైనంలో ముంచి, గుడ్డు పెంకు మీద తాకిస్తే ఒక త్రికోణం ముద్ర పడుతుంది. చుక్కలకైతే గుండుసూది తల. మైనం చల్లారేలోగా, అంటే ఒకటి రెండు క్షణాల్లో, అచ్చు వేసేయాలి. చేయి తడబడితే తుడిచేందుకు వీలుండదు. అలా వేసిన గుడ్డును ముందు లేత రంగులో ముంచి ఆరనిచ్చి, మళ్లీ మైనం అద్ది, మరింత ముదురు రంగులో ముంచుతారు. చివరికి చూస్తే నల్లటి గుడ్డు మీద మసక మైనపు పొర తప్ప ఏమీ కనిపించదు. అప్పుడు దాన్ని కొవ్వొత్తి మంటకు పక్కగా పట్టి, కరిగిన మైనాన్ని మెత్తని గుడ్డతో తుడుస్తూ పోతే, దాగిన తెలుపు, పసుపు, ఎరుపు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. వరసగా వేసిన త్రికోణాలను తోడేలు పళ్లంటారనీ, అవి చెడును దగ్గరికి రానివ్వవనీ, తేనెపట్టు గళ్లు కష్టపడే గుణానికి గుర్తనీ ఆవిడ చెబుతుంటే మా అమ్మాయి తల ఎత్తకుండా చుక్కలు పెట్టుకుంటూ పోయింది. నెలగంటు పెట్టిన నాటి ముగ్గులో మా అమ్మ చుక్కలు పెట్టే తీరు నాకు గుర్తుకొచ్చి, ఆ సంగతే పిల్లకు తెలుగులో చెప్పాను. తను నాకు జర్మన్‌లో జవాబిచ్చింది.

పెద్దావిడ ఈకను పక్కన పెట్టి, “మీరు పాపతో ఏ భాషలో మాట్లాడారు?” అని అడిగింది. చెప్పాను. “ఆమె మీకు జర్మన్‌లో జవాబిచ్చింది” అంది. ఆ మాటలో ఆక్షేపణ లేదు. బయట వర్షం పడుతోందని చెప్పినట్టు చెప్పింది. కాసేపయ్యాక తనే అందుకొని, తమ ఊళ్లలో ఇదెలా జరుగుతుందో వివరించింది. పదిమంది సోర్బులున్న గదిలోకి ఒక్క జర్మన్ వస్తే చాలు, ఆ పదిమందీ జర్మన్‌లోకి మారతారు. అర్థంకాని భాషలో మాట్లాడడం అమర్యాద అని తమకు చిన్ననాడే నేర్పారు. ఆ ఒక్కరు పక్కింటివారు కావచ్చు, అగ్నిమాపక దళంలో తోటి సభ్యుడు కావచ్చు, కొత్త కోడలు కావచ్చు. కోడలైతే మర్యాద ఆ సాయంత్రంతో అయిపోదు. భోజనాల బల్ల దగ్గర రోజూ జర్మన్ నడుస్తుంది, ఆ బల్ల దగ్గర పెరిగే పిల్లలకు సోర్బు మాటలు అర్థమవుతాయి కానీ నోటికి రావు. “మా మీద నిషేధాలు పెట్టినవాళ్లు వచ్చారు, పోయారు. ఈ మర్యాద మాత్రం మా ఇంట్లోనే ఉంది” అంది.

నిషేధాల మాట ఆవిడ ఊరికే అనలేదు. 1912లో హోయెర్స్‌వెర్డాలో సోర్బు సంఘాలు కలిసి దొమోవినా అనే సమాఖ్యగా ఏర్పడ్డాయి. 1937లో నాజీ ప్రభుత్వం దాని కార్యకలాపాలను నిషేధించి, సోర్బు పత్రికలను మూయించి, బడుల నుంచి భాషను తొలగించి, సోర్బు ఉపాధ్యాయులను, మతగురువులను దూరప్రాంతాలకు బదిలీ చేసింది. ఆవిడ తండ్రి అప్పుడు బడిపిల్లవాడు. కొత్తగా వచ్చిన పంతులు వల్ల ఒక్క ఏడాదిలో బడి మొత్తం ఆయనకు పరాయిదైపోయిందట. యుద్ధం తరువాత, ఆవిడ పుట్టిన ఏడాదే, 1948లో, శాక్సనీ చట్టసభ సోర్బుల హక్కులను కాపాడే చట్టం చేసింది. బడులు, పత్రిక, నాటకశాల మళ్లీ వచ్చాయి. అదే కాలంలో గోధుమరంగు బొగ్గు గనులు ఊళ్లను మింగడం కూడా సాగింది. సోర్బులుండే ఈ లుజాషియా ప్రాంతంలో పూర్తిగానో కొంతగానో గనుల పాలైన పల్లెలు 130కి పైనే. ఆవిడ అక్కను ఇచ్చిన ఊరు వాటిలో ఒకటి. ఊరివారికి పట్టణంలో ఫ్లాట్లు ఇచ్చారు, అవి మంచి ఫ్లాట్లేనని కూడా ఆవిడ చెప్పింది. అయితే ఒక్కొక్క కుటుంబం ఒక్కొక్క భవనంలో, ఒక్కొక్క మెట్లదారిలో సర్దుకోవలసి వచ్చింది. మెట్ల మీద ఎదురయ్యేవాళ్లతో జర్మన్ మాట్లాడక తప్పదు కదా.

ఆవిడ కోడలిది క్రోస్ట్‌విట్స్. అక్కడి సోర్బు మాధ్యమిక పాఠశాలలో అయిదో తరగతికి కావలసినంత మంది పిల్లలు చేరలేదని 2001లో ప్రభుత్వం ఆ తరగతిని తెరవడానికి ఒప్పుకోకపోతే, తల్లిదండ్రులు విశ్రాంత ఉపాధ్యాయులను పిలిపించి కొన్ని వారాల పాటు తామే పాఠాలు చెప్పించారు. చిన్నపిల్లగా అక్క చేయి పట్టుకొని బడి ముందు నిలబడిన సంగతి ఆమె గర్వంగా చెప్పింది. 2003లో ఆ బడి మూతపడింది. అదే ప్రాంతంలో పుట్టిన స్టానిస్లావ్ టిలిఖ్ అనే సోర్బు 2008 నుంచి 2017 వరకు శాక్సనీ ముఖ్యమంత్రిగా ఉన్నాడని కూడా ఆమే చెప్పింది. పదవికీ భాషకీ ముడిపెట్టి మురిసిపోయే అలవాటు మనకూ ఉంది కాబట్టి ఈ రెండు వాస్తవాలను పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు ఆలోచించాను.

ఇక్కడ నేను ఒక కోరిక కోరాను. దయచేసి నా కోసం జర్మన్‌లో మాట్లాడవద్దని, మీ మాటలు మీరు మాట్లాడుకోండని, అర్థం కాకపోయినా నాకు వినాలని ఉందని అన్నాను. వారు ప్రయత్నించారు. రెండు నిమిషాలు సాగింది. ఎవరో ఒకరి చూపు నా వైపు తిరగగానే మాట మళ్లీ జర్మన్‌లోకి జారిపోయింది. అలవాటు ఎంత లోతుగా దిగిందో చూసి, అంతమంది మంచివాళ్ల మధ్య కూర్చొని, నేను రావడమే తప్పేమో అనిపించింది నాకు.

ఆవిడకు నా మనసు తెలిసినట్టుంది. మాట మార్చి, మీ భాషలో ‘వీర్’ అన్న జర్మన్ మాటకు ఏమంటారని అడిగింది. ఒకటి కాదు, రెండున్నాయని చెప్పాను. ఎదుటివారిని కలుపుకొంటే మనం, కలుపుకోకపోతే మేము. ఉదాహరణ చెప్పమంటే, “‘మేము భోంచేస్తాం’ అంటే మీరు చూస్తూ కూర్చోవలసిందే, ‘మనం భోంచేద్దాం’ అంటే మీకూ కంచం పెట్టినట్టు” అన్నాను. బల్ల చుట్టూ ఉన్నవారంతా గలగలా నవ్వారు. అప్పుడావిడ తమకూ రెండున్నాయని చెప్పింది. ఇద్దరే అయితే ‘ముయ్’, అంతకంటే ఎక్కువమంది అయితే ‘మి’. మీరిద్దరు అనడానికి ‘వుయ్’, మీరందరు అనడానికి ‘వి’. క్రియ కూడా దానికి తగ్గట్టు మారుతుందట. బడిలో రామః, రామౌ, రామాః అని వల్లెవేసిన ద్వివచనం ఒక వంటింట్లో, పిండి అంటిన చేతుల మధ్య, పసిపిల్లలు కూడా తప్పులేకుండా వాడే మాటగా బతికి ఉండడం చూసి నాకు ఒళ్లు జలదరించింది. సంస్కృతం పుస్తకంలో నేను కంఠస్థం చేసిన రూపానికి ప్రాణం ఉన్నప్పటి ముఖం ఇదన్నమాట. ఆవిడ మా అమ్మాయినీ నన్నూ చూపించి “వుయ్” అంది. మా అమ్మాయి నా వైపు తిరిగి, తెలుగులో, “మనమిద్దరం అన్నమాట” అంది. ఆ మధ్యాహ్నం తను మాట్లాడిన మొదటి తెలుగు వాక్యం అది.

మాటల్లో, మా చెల్లెలు టెక్సాస్‌లో ఉంటుందని చెబితే, ఆవిడ వెంటనే సెర్బిన్ పేరెత్తింది. 1854లో యాన్ కిలియాన్ అనే లూథరన్ మతగురువు వెంట అయిదు వందల మందికి పైగా సోర్బులు బెన్ నెవిస్ అనే ఓడలో టెక్సాస్‌కు బయలుదేరారు. దారిలో కలరా సోకి పదుల సంఖ్యలో చనిపోయారు. మిగిలినవారు చేరి కట్టుకున్న ఊరే సెర్బిన్. అక్కడ ప్రత్యేకంగా వారి భాషను ఏ ప్రభుత్వమూ నిషేధించలేదు. చుట్టుపక్కల జర్మన్లు ఎక్కువగా ఉన్నందువల్ల ముందు జర్మన్‌లోకి మారారు, తరువాత అందరిలాగే ఇంగ్లీషులోకి మారారు. ఇప్పుడు అక్కడ వారి జ్ఞాపకాలతో ఒక మ్యూజియం ఉంది, చర్చి ఉంది, ఆ భాష మాత్రం ఇళ్లలో లేదు. మా చెల్లెలి పిల్లలు అక్కడికి ఎంతో దూరంలో లేని ఊళ్లోనే పెరుగుతున్నారు.

ట్యూబుకు అతుకు పడింది, చీకటి పడేలోగా కామెంట్స్ చేరాలి. బయలుదేరేటప్పుడు ఆవిడ, రేపు పొద్దున తప్పకుండా రావాలని, మనవడు మొదటిసారి గుర్రమెక్కుతున్నాడని చెప్పింది. వెళ్లాం. ఈస్టర్ ఆదివారం నాడు క్రీస్తు తిరిగి లేచాడన్న వార్తను గుర్రాల మీద పొరుగు ఊరి చర్చికి తీసుకువెళ్లడం ఈ కాథలిక్ సోర్బుల ఆచారం. తొమ్మిది ఊరేగింపులు, అన్నీ కలిపి వెయ్యి మందికి పైగా రౌతులు. రాల్బిట్స్ వారు విట్టిషెనావుకు వెళతారు, ఆ ఊరివారు ఇక్కడికి వస్తారు. నల్లటి పొడవు కోట్లు, పొడుగు టోపీలు, ముందు శిలువ, చర్చి పతాకాలు. నిన్న బల్ల మీద చూసిన గవ్వల కళ్లెం ఇప్పుడు ఆ ఎర్ర గుర్రం ముఖాన మెరుస్తోంది. జూలు జడలు విప్పి అలలు అలలుగా వదిలారు. కుర్రవాడి కోటుకు ఆకుపచ్చ చిన్ని వలయం గుచ్చి ఉంది. మొదటిసారి ఎక్కినవారికి అది గుర్తు, 25వసారికి వెండిది, 50వసారికి బంగారుది. గుర్రాలు చర్చి ప్రాంగణం చుట్టూ తిరుగుతుంటే, గోడ అవతల సమాధుల మీద ఒకే ఎత్తు, ఒకే రూపం ఉన్న తెల్లని చెక్క శిలువలు వరసలుగా కనిపించాయి. ఆ ఊళ్లో ధనికుడికైనా పేదకైనా అదే శిలువ. వందల గొంతులు సోర్బులో పాడుతున్నాయి. దారికి ఇరువైపులా మాలాంటి పరాయివాళ్లు ఎంతోమంది నిలబడి ఉన్నా, ఆ పాట ఎవరి కోసమూ భాష మార్చుకోలేదు.

ఇంటికి వచ్చాక నన్ను నేను గమనించుకోవడం మొదలుపెట్టాను. పార్కులో మరొక తల్లి పక్కన కూర్చుంటే నేను మా అమ్మాయిని జర్మన్‌లో పిలుస్తున్నాను. తన స్నేహితురాలు ఇంటికి వస్తే, నీళ్లు కావాలా అని సొంత కూతుర్ని జర్మన్‌లో అడుగుతున్నాను. బడి గేటు దగ్గర, బస్సులో, డాక్టరు గదిలో, అంతటా ఇదే. ఎవరూ నన్ను తెలుగు మాట్లాడవద్దనలేదు. అమ్మాయి నాకు జర్మన్‌లో జవాబివ్వడం తనకు తానుగా నేర్చుకున్నది కాదని, ఆ పాఠం రోజూ చెప్పింది నేనేనని ఒప్పుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. ఇప్పుడు ఎవరున్నా తనతో తెలుగులోనే మాట్లాడతాను, పక్కవారికి అవసరమైతే ఆ మాటే జర్మన్‌లో మళ్లీ చెబుతాను. ఒక్క తల్లి కూడా ఇంతవరకు నొచ్చుకోలేదు. మా అమ్మాయి ఇంకా సగం జవాబులు జర్మన్‌లోనే ఇస్తుంది. సగమే.

మరుసటి ఏడాది ఈస్టర్‌కు ముందు శనివారం మళ్లీ ఆ ఇంటికి వెళ్లాం. తలుపు తోసేముందే లోపలి మాటలు వినిపించాయి. “దోబ్రీ జేన్” అంటూ లోపలికి అడుగుపెట్టాం. అందరూ తలలెత్తి, మాకు చోటిచ్చి, ఎక్కడ ఆపారో అక్కడి నుంచి సోర్బులోనే కొనసాగించారు. పెద్దావిడ ముందే అందరికీ చెప్పి ఉంచిందని తరువాత తెలిసింది. గంటసేపు నాకు నాలుగు మాటలు తప్ప ఏమీ అర్థం కాలేదు. మధ్య మధ్య మనవడు నా వైపు వంగి, వాళ్ల నాన్న గుర్రం గురించి చెబుతున్నాడనో, మామయ్య బంగాళాదుంపల ధర గురించి గొణుగుతున్నాడనో జర్మన్‌లో ఒక్క ముక్క చెప్పి, మళ్లీ మాటల్లో పడిపోయాడు. మా అమ్మాయి ఈకను మైనంలో ముంచి, గుడ్డు తిప్పుకుంటూ, తోడేలు పళ్ల వరసను మూసేచోట చోటు చాలక, “అమ్మా, ఇక్కడ ఒకటి చిన్నది పెట్టనా?” అని అడిగింది.